మామునూరు రన్‌వే పొడవు గురించి
అన్నలూ, మన వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం ముచ్చట వచ్చినప్పుడల్లా 'చిన్న ప్రైవేటు విమానానికి అంత పొడుగు రన్‌వే దేనికి' అంటున్నారు కదా, అందుకే రాస్తున్నా. చిన్న విమానాలు రన్‌వే దాటి పొలాల్లోకి పోతే అందరూ బ్రేకులను తిడతారు గానీ అసలు తేడా చాలాసార్లు స్పీడులోనే ఉంటుంది. దిగేటప్పుడు వేగం 10 శాతం ఎక్కువైతే బ్రేకులు చంపాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది, పైగా రెక్కలు ఇంకా లేపుతూనే ఉంటాయి కాబట్టి చక్రం నేలకు ఆనకుండా తేలుకుంటూ రన్‌వేని తినేస్తుంది. వెనక గాలి, వాన తడి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. మన మే ఎండల్లో గాలి పలచబడి టేకాఫ్‌కీ ఎక్కువ దూరం కావాలి. అనుకున్న చోట చక్రం ఆనకపోతే మళ్లీ పైకి లేపి చుట్టు తిరిగి రావాలి, కొందరికి అదే నామోషీ! 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో ప్రయాణికుల జెట్ తడి రన్‌వే మీద దాదాపు సగం దాటాక దిగింది, 21 మంది పోయారు.