గల్లా తగ్గితే జేబు తడుముకోవాల్సిందేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం బజార్లలో బట్టల దుకాణాలు, మందుల షాపులు, సూపర్‌మార్కెట్లు, పెట్రోలు బంకుల కౌంటర్ల మీద కూర్చునేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. రాత్రి షట్టరు దించే ముందు లెక్క చూసి, గల్లా మూడొందలో అయిదొందలో తగ్గితే "నువ్వే కట్టు" అంటారు. చాలాచోట్ల దాన్ని జీతంలో పట్టుకోరు. అక్కడికక్కడే జేబులోంచి తీసి పెట్టమంటారు, లేదంటే సావుకారు నంబరుకి ఫోన్‌పే కొట్టమంటారు. జీతం స్లిప్పులో కనబడదు కాబట్టి అది కోత కాదని ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ అనుకుంటారు. అది తప్పు.

ఉద్యోగి తన యజమానికి గానీ, యజమాని తరఫు మనిషికి గానీ చెల్లించే సొమ్ము ఏదైనా జీతంలో కోత కిందికే వస్తుందని వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. 2019లో చేసిన ఈ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దీనికి ముందున్న 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ ఇదే మాట ఉంది. అయితే ఆ చట్టం చివరి రోజుల్లో నెలకు 24,000 రూపాయల లోపు జీతగాళ్లకే వర్తించేది. ఇప్పుడు ఆ పరిమితి లేదు. మేనేజరు చేతిలో పెట్టిన రెండొందలకైనా, ఫోన్‌పే చేసిన రెండు వేలకైనా కోతకు పెట్టిన షరతులన్నీ వర్తిస్తాయి.

ఆ షరతులు గట్టివే. పోయిన డబ్బు ఆ ఉద్యోగి లెక్క చెప్పాల్సినదై ఉండాలి. ఆ నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లో, తప్పు వల్లో జరిగి ఉండాలి. పట్టుకునే సొమ్ము పోయినదాని కంటే ఎక్కువ కాకూడదు. పట్టుకునే ముందు అతను చెప్పుకోవడానికి అవకాశమివ్వాలి. ఆ కోతను రిజిస్టరులో రాయాలి. పీఎఫ్‌తో సహా అన్ని కోతలూ కలిపి ఆ నెల జీతంలో సగం దాటకూడదు. 12,000 జీతగాడికి 9,000 తరుగు తేలి, అది అతని నిర్లక్ష్యమేనని రుజువైనా సరే, ఆ నెల అన్ని కోతలూ కలిపి 6,000 మించడానికి వీల్లేదు. "అయిదొందలు తగ్గింది, వెయ్యి కట్టు" అనడం ఎక్కడా చెల్లదు. జరిమానా అనే పేరు పెడితే దానికి వేరే నిబంధనలున్నాయి. అది ఆ నెల జీతంలో మూడు శాతం దాటకూడదు, వాయిదాల్లో వసూలు చేయకూడదు.

ఒకే డ్రాయరు మీద ముగ్గురు కూర్చుని, తరుగును తలా ఇంత అని పంచడం మన బజార్లలో మామూలైపోయింది. ముగ్గురికీ పంచారంటే అది ఎవరి తప్పో తెలియదని యజమానే ఒప్పుకున్నట్టు. అలాంటప్పుడు నేరుగా ఫలానావాడి నిర్లక్ష్యం వల్లే జరిగిందని ఎలా అంటారు? మాస్టరు పాస్‌వర్డ్ అందరికీ తెలిసిన కంప్యూటరు విషయంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. మరోవైపు, డ్రాయరు తెరిచి వదిలేసి వెళ్లినా, తాళం ఇంకొకరి చేతికిచ్చినా అది నిర్లక్ష్యమే. ఆ పని చేసిన ఉద్యోగిని చట్టం వెనకేసుకు రాదు.

అసలు గల్లా ఎందుకు తగ్గుతుందో తెలిస్తే సగం గొడవలు ఆ రాత్రే తేలిపోతాయి. ఇప్పుడు ఎక్కువగా జరిగేది యూపీఐ పొరపాటు. గిరాకీ క్యూఆర్ కోడ్ మీద కొట్టి వెళ్తాడు, బిల్లు మాత్రం రద్దీలో "క్యాష్" మీద సేవ్ అవుతుంది. కంప్యూటరు ఆ డబ్బును డ్రాయరులో వెతుకుతుంది. అది అప్పటికే సావుకారు బ్యాంకు ఖాతాలో పడి ఉంటుంది. డ్రాయరులో 640 తగ్గి, ఆ రోజు యూపీఐ జమ బిల్లుల మొత్తం కంటే సరిగ్గా 640 ఎక్కువుంటే పోయిందేమీ లేదన్నమాట. చిక్కేమిటంటే ఆ ఖాతా స్టేట్‌మెంటు యజమాని ఫోనులో ఉంటుంది, క్యాషియరుకు కనబడదు. కాబట్టి తరుగు తేలగానే మొదట అడగాల్సింది ఆ రోజు యూపీఐ జమల లిస్టు. దాన్ని వాట్సాప్‌లో రాసి అడగాలి. నోటితో అడిగితే రేపటికి ఆధారం ఉండదు.

తగ్గిన అంకె కూడా కారణం చెబుతుంది. సరిగ్గా 180 తగ్గితే పసుపు రంగు 200 నోటు, ఆకుపచ్చ కలిసిన పసుపు 20 నోటు దగ్గర తికమక జరిగి ఉండవచ్చు. 400 అయితే వంద ఇవ్వాల్సిన చోట అయిదొందలు, 450 అయితే యాభై ఇవ్వాల్సిన చోట అయిదొందలు వెళ్లి ఉండవచ్చు. తేడా తొమ్మిదితో భాగారిస్తే చేత్తో కొట్టిన బిల్లుల్లో అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 450కి 540 అని పడితే తొంభై తగ్గుతుంది. హమాలీకి, ఆటోకి, టీలకి గల్లాలోంచి తీసినవీ, సావుకారు ఇంటివాళ్లు వచ్చి పట్టుకెళ్లినవీ చీటీ లేకపోతే అన్నీ క్యాషియరు నెత్తినే పడతాయి. చీటీ రాసి సంతకం పెట్టించుకోకుండా గల్లాలోంచి రూపాయి కూడా బయటికి ఇవ్వకండి, అడిగింది సావుకారైనా సరే.

పెట్రోలు బంకుల్లో లెక్క వేరు. పంపు మీటరు ఆఖరి రీడింగులోంచి మొదటి రీడింగు తీసేసి, లీటరు రేటుతో గుణించి, కార్డు, యూపీఐ, అరువు చీటీలు పోగా మిగిలింది చేతిలో ఉండాలంటారు. పొద్దున కొలత పరీక్షకు 5 లీటర్ల డబ్బాలో పట్టి మళ్లీ ట్యాంకులో పోసిన పెట్రోలు కూడా మీటరులో ఎక్కుతుంది. దాన్ని తీసివేయడం మరిచిపోతే, లీటరు వంద రూపాయలుంటే ఒక్కో నాజిలుకు అయిదొందల దొంగ తరుగు తేలుతుంది. రెండోది, ధర మారితే ఉదయం 6 గంటలకు మారుతుంది. ఆరు తరవాత ముగిసే షిఫ్టుకు ఆరింటికే ఒక రీడింగు రాసుకోవాలి. లీటరుకు 80 పైసలు పెరిగిన రోజున, ఆరుకు ముందు పోసిన 400 లీటర్లను కొత్త రేటుతో గుణిస్తే 320 రూపాయలు ఉత్తపుణ్యానికి తగ్గినట్టు కనిపిస్తుంది.

డ్యూటీ ఎక్కేటప్పుడు డ్రాయరులో ఉన్న చిల్లరను నోట్లవారీగా లెక్కపెట్టి, ఎన్ని అయిదొందలు, ఎన్ని రెండొందలు, ఎన్ని నాణేలో కాగితం మీద రాసి, ఇచ్చినవాళ్ల సంతకం తీసుకోండి. దిగేటప్పుడూ అంతే, ఇంకొకరి ఎదుటే లెక్కపెట్టండి. మీ షిఫ్టు మధ్యలో ఎవరైనా కాసేపు కూర్చుంటే ఆ రెండు సమయాల్లోనూ ఎక్స్ రిపోర్టు, అంటే అప్పటిదాకా జరిగిన అమ్మకాల లెక్క, బిల్లింగు యంత్రంలోంచి తీయండి. రోజు ముగిసిన జెడ్ రిపోర్టు ఒక్కటే ఉంటే ఏ గంటలో తేడా వచ్చిందో చెప్పలేరు. కాగితానికి ఫొటో తీసుకోవడం మరవకండి, ఎందుకంటే ఆ కాగితం షాపులోనే ఉండిపోతుంది.

డబ్బు కట్టక తప్పని పరిస్థితి వస్తే నోట్లు ఇవ్వకండి. ఫోన్‌పే ద్వారానే పంపి, మెసేజ్ గడిలో "12వ తేదీ గల్లా తరుగు" అని రాయండి. ఆ వెంటనే "నా తప్పని ఒప్పుకోవడం లేదు, అడిగినందుకు ఇచ్చాను" అని వాట్సాప్ పెట్టండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. కాగితం ఒడియాలో ఉంటుంది, సంతకం పెట్టేవాడికి ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. చదివించుకుని, అర్థం తెలుగులో పక్కన రాసి, తేదీ వేశాకే సంతకం చేయండి.

పోలీసు కేసు పెడతామని బెదిరిస్తే బెంబేలెత్తకండి. లెక్క తగ్గడం వేరు, దురుద్దేశంతో సొమ్ము వాడుకోవడం వేరు. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం అనాలంటే ఆ దురుద్దేశాన్ని చూపించాలి. మానేసిన ఉద్యోగికి "షార్టేజీ తేలేదాకా" ఆఖరి జీతం ఆపడం కూడా కుదరదు. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో జీతం ఇచ్చేయాలి.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలన్నది సరిహద్దులో పెద్ద అయోమయం. పాతపట్నంలో ఇల్లు, పర్లాకిమిడిలో ఉద్యోగం ఉన్నవాళ్లు శ్రీకాకుళం ఆఫీసుకు తిరిగి నెలలు పోగొట్టుకుంటారు. కంపెనీ హెడ్డాఫీసు విశాఖలో ఉన్నా, ఉద్యోగి ఇల్లు ఆంధ్రలో ఉన్నా, పనిచేసే షాపు ఒడిశాలో ఉంటే ఒడిశా కార్మిక శాఖే చూడాలి. ఆ జిల్లా లేబరు ఆఫీసులో అడిగితే క్లెయిములు వినే అధికారి ఎవరో చెబుతారు. గడువు మూడేళ్లు. పాత చట్టంలో అది ఏడాదే. దరఖాస్తు ఉద్యోగి తానే వేయవచ్చు, రిజిస్టరైన యూనియనూ వేయవచ్చు. అక్రమ కోత అని తేలితే ఆ సొమ్ముతో పాటు దానికి పదింతల దాకా పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. ఇవ్వాల్సింది ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సిన బరువు కూడా యజమాని మీదే. వకీలు ఖర్చు భయం ఉన్నవాళ్లు 15100కి ఫోను చేసి న్యాయసేవల సంస్థను అడగవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల లేబరు ఆఫీసుల చిరునామాలు, ఫోను నంబర్లు, దరఖాస్తు నమూనా జిల్లా పేజీలో తెలుగులో వేయండి. కోతల నిబంధనలను దుకాణాల్లో ఒడియాతో పాటు తెలుగులోనూ అతికించేలా చూడమని ఆ ఆఫీసుల అధికారులను మీ విలేకరులు ఒకసారి అడగాలని కోరుతున్నాను.

– దుకాణాల పద్దులు రాసే గుమాస్తా, గుణుపురం