మూతి నుంచి దట్టించే తుపాకీ: కొనేముందు ఏం చూడాలి

మావయ్యకు నమస్కారాలు.

మూతి నుంచి మందూ గుండూ దట్టించి కాల్చే పాత నమూనా రైఫిళ్లు ఇక్కడ అమెరికాలో కొత్తగా తయారైనవే దొరుకుతాయి కదా, వాటిలో ఏది మంచిదో ఎలా తేల్చుకుంటారని అడిగారు. కర్ర నునుపూ ఇత్తడి మెరుపూ చూసి మోసపోవడం తేలిక. ముందు తేల్చుకోవాల్సింది ఏ గుండు కాలుస్తారన్నది. ఆ తర్వాత గొట్టం లోపల మెలితిరిగే గాడి ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందో చూడాలి.

గుడ్డ పేలికలో పెట్టి దట్టించే గుండ్రటి సీసపు గుండుకి నిదానమైన చుట్టు కావాలి. లైమన్ కంపెనీ గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్‌లో 60 అంగుళాలకు ఒక చుట్టు, గాడులు లోతు. థాంప్సన్ సెంటర్ కంపెనీ హాకెన్‌లో 48కి ఒకటి, గాడులు పైపైన. ఇది గుండ్రటి గుండుకీ పొడవాటి గుండుకీ సర్దుకుంటుంది, కానీ మందు ఎక్కువ పోస్తే గుండ్రటి గుండు గాడి పట్టు వదిలేస్తుంది. లైమన్‌లోనే హంటర్ అనే రకం 32కి ఒక చుట్టు, పొడవాటి గుండ్లకోసం చేసింది. పైకి మాత్రం దాని అన్నలాగే ఉంటుంది.

అమ్మేవాడి మాట మీద ఆధారపడక్కర్లేదు. గుండు దట్టించే కడ్డీ కొసకి పేలిక బిగుతుగా చుట్టి అడుగుదాకా తోయండి. మూతి దగ్గర కడ్డీ మీద సుద్దగీత పెట్టి, చేతిలో దాన్ని తిరగనిస్తూ నెమ్మదిగా లాగండి. 15 అంగుళాలు వచ్చేసరికి గీత పావు చుట్టు తిరిగితే 60కి ఒకటి, 12 అంగుళాలకే పావు తిరిగితే 48, 8కే తిరిగితే 32.

50 క్యాలిబర్‌కి, అంటే అర అంగుళం గొట్టానికి, 0.490 అంగుళాల మెత్తటి సీసపు గుండు, 0.015 అంగుళాల పేలిక, 50 నుంచి 60 గ్రెయిన్ల రెండు ఎఫ్‌ల (FFg) రకం బ్లాక్ పౌడర్, అంటే నల్లమందుతో మొదలుపెట్టవచ్చు. నేటి తూటాల్లో వాడే పొగలేని మందు చిటికెడైనా పోయకూడదు, గొట్టం పేలిపోతుంది. వీలైతే నాలుగు గుండ్లు కాల్చి, ముందు పడిన పేలికలు ఏరి చూడాలి. గుండ్రంగా కోసుకుపోతే మూతి అంచు పదునుగా ఉందని అర్థం. కాలి చిల్లు పడితే పేలిక పలచనైంది, లేదా గుండు వదులు.

ఈ హాకెన్ తరహావాటిలో చాలావరకు అడుగున మందు గది గొట్టంకన్నా సన్నంగా ఉంటుంది. మామూలు పేలిక అక్కడికి అందదు. నూనె, మసి అక్కడే పేరుకుని తుపాకీ తుస్సుమంటుంది. సన్న బ్రష్‌కి పేలిక చుట్టి తుడవాలి. మందు పోయకముందు ఉత్త క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు రేపే చిన్న టోపీ) ఒకటి పేల్చి, మూతి దగ్గరి గడ్డిపరక కదులుతుందో లేదో చూడాలి. ఆ క్యాప్ తొడిగే నిపుల్ అనే చిన్న గొట్టం మర ఏ కొలతో కూడా అడగండి. థాంప్సన్ సెంటర్‌ది పావు అంగుళం, అంగుళానికి 28 మరలు. ఇటలీవాటిలో సాధారణంగా 6 మిల్లీమీటర్లు. ఈ 6 మిల్లీమీటర్లదాన్ని థాంప్సన్ సెంటర్‌దానిలో బిగిస్తే వదులై, పేలినప్పుడు ఊడి మొహం మీదికి రావచ్చు.

చెకుముకి రకమైతే రంజకపు గిన్నె (నిప్పురవ్వ పడి ముందుగా అంటుకునే మందు పోసేది) దగ్గరే ఎక్కువసేపు ఆగండి. చెకుముకి తగిలే ఉక్కు రేకు మీద ఆకురాయి జారిపోవాలి, కొరికిందంటే రేకు మెత్తన, నిప్పురవ్వలు రావు. రంజకపు చిల్లు గిన్నె పై అంచుకి సమంగా ఉండాలి. కిందికి ఉంటే రంజకం దాన్ని కప్పేసి, మందు అంటుకోవడం ఆలస్యమవుతుంది. పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకులకే ప్రత్యేక వేట సీజన్ ఉంది. అక్కడ వేటాడేవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు.

ఎన్‌ఫీల్డ్ తరహా మస్కెట్ (పాతకాలపు సైనికుల తుపాకీ) కొంటే గొట్టం లోపలి వ్యాసం కొలిచాకే గుండు అచ్చు కొనాలి. దానిలో కాల్చే మినీ గుండు (అడుగు బోలుగా ఉండే పొడవాటి గుండు) అంతకన్నా వెయ్యోవంతు అంగుళమో రెండో మాత్రమే చిన్నదై ఉండాలి.

సెకండ్‌హ్యాండ్‌దైతే అన్నిటికన్నా ముందు కడ్డీని లోపలికి వదిలి మూతి దగ్గర గుర్తు పెట్టండి. బయట గొట్టం పక్కన ఆనించి చూస్తే కొస నిపుల్ దాకా రావాలి. అంతదాకా రాకపోతే లోపల మందూ గుండూ ఉన్నాయనే అనుకోండి, మూతికి ఎదురుగా నిలబడకండి. తర్వాత గుర్రాన్ని, అంటే ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తిని, సగం దాకా ఎత్తి ట్రిగ్గర్ నొక్కాలి. పడిందంటే ఆ తుపాకీ వద్దు.

1968 ఫెడరల్ చట్టం బ్లాక్ పౌడర్‌తో మాత్రమే కాల్చే ఇలాంటివాటిని మామూలు తుపాకులుగా కాక పాతకాలపు ఆయుధాలుగా లెక్కిస్తుంది, కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. అవి చదివాకే డబ్బు ఇవ్వాలి.

అత్తయ్యకు నా నమస్కారాలు చెప్పండి.

మీ మేనల్లుడు