మంత్రిగారూ, బోర్డు వైఫై చాలు, ఇక బడ్డీకి లైను ఇప్పించండి

కేంద్ర కమ్యూనికేషన్లు, గ్రామీణాభివృద్ధి శాఖల సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గర్లో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుతున్నాను. ఒకప్పుడు ఇదే గదిలో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ క్యాబిన్లు, గంటకు ఇంత అని రేటు, రిజిస్టరులో పేరు, సంతకం. 2016లో జియో వచ్చాక క్యాబిన్లు పీకేసి జిరాక్సు మిషన్ పెట్టుకున్నాను. ఊళ్లో నెట్ ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అన్నది ఈ కౌంటరు దగ్గర కూర్చుంటే బాగానే తెలుస్తుంది. టెలికాం శాఖలో మన తెలుగువారు ఉన్నారు కాబట్టి ఢిల్లీకి ఇంగ్లీషులో అర్జీ పెట్టే బదులు మీకు తెలుగులోనే రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. ఉచిత వైఫై అని బోర్డులు పెట్టించడం ఆపి, టీ బడ్డీ, కిరాణా కొట్టు, జిరాక్సు షాపు లాంటి చోట్ల వైఫై అమ్ముకోవడానికి సరసమైన ధరకు ఇంటర్నెట్ లైను ఇప్పించండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పథకమూ అక్కర్లేదు. ఉన్న పథకాన్ని మా జిల్లా దాకా నడిపిస్తే చాలు.

ముందు బోర్డుల సంగతి. ఉత్తరాంధ్రలో ఒక బస్టాండులో (ఏ ఊరో వద్దులెండి) "ఉచిత వైఫై" అని రాసిన బోర్డు ఉంది. ఫోనులో పేరు కనిపిస్తుంది, గీతలు కూడా నిండుగా ఉంటాయి. నొక్కితే మాత్రం ఏ పేజీ రాదు. అక్కడ ఎవరినడిగినా మాకు తెలీదనే అంటారు. మునిసిపాలిటీ వాళ్లదనుకుంటే కాదు, పెట్టిన ఏజెన్సీ కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయింది. ఒక పెద్దాయన నా ఎదురుగానే ఆ బోర్డు చూసి, "ఏటి బాబూ, పేరైతే వత్తాంది, నెట్టు రాదేటి?" అని అడిగాడు. ఫోనులో కనిపించే గీతలు ఫోనుకూ రౌటరుకూ మధ్య ఉన్న సిగ్నల్ సంగతి మాత్రమే చెబుతాయి. ఆ రౌటరు వెనకాల లైను బతికుందో లేదో వాటికి తెలియదు. లైను పోయినా, బిల్లు కట్టకపోయినా, గోడ మీద పెట్టె కరెంటు తాగుతూ పేరు చూపిస్తూనే ఉంటుంది. బోర్డు వైఫైలు ఎక్కువ భాగం ఇలాగే పోతాయి. ప్రారంభోత్సవానికి డబ్బు ఉంటుంది, ఆ తర్వాత నెలనెలా బిల్లుకు ఉండదు. అడాప్టర్ కాలిపోతే మార్చే మనిషి ఉండడు.

రైల్వే స్టేషన్లలో పరిస్థితి కొంత నయం. రైల్వే శాఖ సంస్థ రైల్‌టెల్ వాళ్ల రైల్‌వైర్ వైఫై 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో గూగుల్ సాయంతో మొదలై ఆరు వేలకు పైగా స్టేషన్లకు పాకింది. గూగుల్ తప్పుకున్నాక కూడా ఆగలేదు. రోజుకు అరగంట ఉచితం, ఆ తర్వాత పది రూపాయల నుంచి ప్యాకులు. దాని వెనక ఒక సంస్థ ఉంది, సొంత ఫైబర్ ఉంది, ప్యాకులు అమ్మితే డబ్బు వస్తుంది. అందుకే నిలబడింది. బెంగళూరు, చెన్నై పనులకు పోయే మా వాళ్లు ఆమదాలవలసలోనో పలాసలోనో రైలు కోసం కూర్చున్న ఆ అరగంటలో ఇంటికి వీడియో కాల్ చేసుకుంటారు.

ఈ రోజుల్లో పబ్లిక్ వైఫై ఎవరికి కావాలి, ప్రతి చేతిలోనూ డేటా ఉంది కదా అని మీ శాఖలో ఎవరైనా అనొచ్చు. నా కౌంటరు దగ్గరికొచ్చి ఒక పూట కూర్చోమనండి. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒకేసారి రేట్లు పెంచాయి. అంతకుముందు 239 రూపాయలున్న జియో నెల ప్యాకు 299 అయింది. అదే ఏడాది డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, డేటా లేకుండా మాటలు, మెసేజీలు మాత్రమే ఉండే ప్యాకు కూడా ఇవ్వాల్సిందేనని కంపెనీలకు చెప్పింది. అది మంచి పనే. అప్పటి నుంచి మా దగ్గర ముసలివాళ్లు, కూలి పనులవాళ్లు చాలామంది ఆ ప్యాకే వేయించుకుంటున్నారు. ఫోను స్మార్ట్‌ఫోనే, అందులో నెట్ మాత్రం ఉండదు. గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు పోయిన కొడుకు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూడాలంటే పక్కింటి గుంటడిని హాట్‌స్పాట్ ఆన్ చేయమని బతిమాలాలి. వాళ్లకు నెలకు మూడొందలు పెట్టి రోజుకు ఒకటిన్నర జీబీ ఎందుకు? పది రూపాయలకు ఒక పూట చాలు.

చదువుకునే పిల్లలది ఇంకో బాధ. 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ పడ్డప్పుడు నా షాపు రాత్రి దాకా ఖాళీ లేదు. ఫారం నింపడం పెద్ద పనేం కాదు, ఎక్కువ సమయం పట్టింది సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడానికి. పాఠాల వీడియోలు చూసి రోజు డేటా అవగొట్టుకుని, చివర్లో ఫీజు కట్టే పేజీ దగ్గర ఆగిపోయి వచ్చేవారు. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలిసిందే. డయాలసిస్‌కి వచ్చినవాళ్లు మంచం మీద నాలుగు గంటలు కదలకుండా ఉండాలి, తోడు వచ్చినవాళ్లు బయట బెంచీ మీద కూర్చుంటారు. వారానికి రెండు మూడుసార్లు ఇదే వరస. ఆస్పత్రి గేటు ఎదురుగా ఉండే టిఫిన్ బడ్డీలో వైఫై ఉంటే ఆ బేరం వదులుకునే యజమాని ఎవరూ ఉండరు.

ఇక మీ శాఖ పథకం దగ్గరికి వస్తాను. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ పీఎం వాణి అని ఒకటి ఆమోదించింది. నేను చదివిన ప్రభుత్వ పథకాల్లో ఇంత తెలివైనది తక్కువ. షాపువాడు పీడీఓ, అంటే పబ్లిక్ డేటా ఆఫీసు అవుతాడు. లైసెన్సు వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు, ఫీజు వద్దు. పాతకాలం ఎస్టీడీ బూత్ మళ్లీ వచ్చినట్టే. వాడి పైన అగ్రిగేటర్ ఉంటాడు. ఎవరు లాగిన్ అయ్యారు, ఎంత వాడారు, డబ్బు ఎంత అన్న లెక్కలు వాడివి. వినియోగదారుడి ఫోనులో ఒక యాప్ ఉంటుంది, దగ్గర్లో ఎక్కడ హాట్‌స్పాట్, అంటే వైఫై దొరికే చోటు ఉందో చూపిస్తుంది. అన్నిటి చిట్టా ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ దగ్గర. ఐదు రూపాయలకో పది రూపాయలకో ప్యాకు అమ్ముకుంటే అందులో వాటా షాపువాడికి. నెట్ ఆగిపోతే వాడి బేరం పోతుంది కాబట్టి అడాప్టర్ వాడే మారుస్తాడు, ఏ కలెక్టరాఫీసుకూ ఫైలు పెట్టక్కర్లేదు.

మరి ఎందుకు రాలేదు? 2018 టెలికాం విధానంలో 2022 నాటికి కోటి హాట్‌స్పాట్లు అని రాసుకున్నారు. 2024లో చూస్తే వాణి హాట్‌స్పాట్లు దేశమంతా కలిపి సుమారు రెండు లక్షలు. కారణం ఏమిటో ట్రాయ్ అప్పుడే తేల్చింది. ఇంటికి ఇచ్చే ఫైబర్ లైను షాపువాడికి ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకునేవి కావు, పెద్ద ఆఫీసులకు విడిగా ఇచ్చే లీజ్డ్ లైన్ తీసుకోమనేవి. 100 ఎంబీపీఎస్ వేగం ఉన్న లీజ్డ్ లైన్ ధర ఇంటి లైను ధరకు 40 నుంచి 80 రెట్లు ఉంటుందని ట్రాయ్ లెక్క కట్టింది. పది రూపాయల ప్యాకులు అమ్ముకునేవాడు ఏడాదికి లక్షల్లో లైను బిల్లు కడతాడా?

2025 జూన్‌లో ట్రాయ్ దీనికి మందు వేసింది. 200 ఎంబీపీఎస్ వరకు, పీడీఓకి ఇచ్చే లైను ధర అదే వేగం ఉన్న ఇంటి లైను ధరకు రెట్టింపు దాటకూడదని ఆదేశించింది. ఇంటికి ఐదొందలైతే షాపుకు వెయ్యి దాటకూడదు. వార్త చదివి నాకు ప్రాణం లేచివచ్చింది. వెంటనే ఒక కంపెనీవాళ్లకు ఫోన్ చేశాను. కాల్ సెంటర్ అమ్మాయికి పీడీఓ అంటే ఏమిటో తెలియలేదు. ఏరియా మనిషి వచ్చి, "సార్, మీకు హోం కనెక్షన్ ఇచ్చేస్తాను, మీరు అమ్ముకోండి, ఎవరు చూస్తారు" అన్నాడు. అది నాకు నచ్చలేదు. రేపు ఎవడో నా లైను మీద దొంగపని చేస్తే పోలీసులు వచ్చేది నా ఇంటికే. పీడీఓ పేరు మీద రేటు రాసిచ్చి దరఖాస్తు తీసుకోమంటే, పైనుంచి తమకు అలాంటి ప్లాన్ ఏదీ రాలేదని చెప్పి వెళ్లిపోయాడు. మంత్రిగారూ, ట్రాయ్ ఆదేశం గెజిట్‌లో ఉంటే సరిపోదు. కంపెనీల రేట్ల పట్టికలో పీడీఓ ప్లాన్ అని ఒక వరస కనబడాలి, వెబ్‌సైట్‌లో తెలుగులో ఉండాలి, మా ఏరియా మనిషికి కమీషన్ కూడా ఉండాలి. కమీషన్ లేని ప్లాన్ గురించి ఆయన నోరు విప్పడు.

లాగిన్ గురించి కూడా చెప్పాలి. మన దేశంలో పబ్లిక్ వైఫైకి ఓటీపీ తప్పనిసరి అయింది. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ల సమయంలో ఉగ్రవాదులు పంపిన మెయిల్ నవీ ముంబైలో ఒకరి తాళం లేని వైఫై మీదుగా వెళ్లిందని తేలాకే మీ శాఖ నియమాలు బిగించింది. సరే, ఒప్పుకుంటాను, రిజిస్టరు రాయించిన వాణ్ణి కాబట్టి ఆ అవసరం నాకు తెలుసు. కానీ ఓటీపీ వచ్చేది సిమ్ ఉన్న ఫోనుకు. సిమ్ లేని ట్యాబ్ పట్టుకొచ్చిన పిల్లవాడి సంగతి? 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది, పాఠాలు ముందే ఎక్కించి. ఆ పిల్లలిప్పుడు కాలేజీ వయసుకు వచ్చారు, ట్యాబులు ఇళ్లలోనే ఉన్నాయి. తండ్రి నంబరు మీద ఒకసారి ఓటీపీ అయ్యాక ఆ ఇంటి రెండో పరికరం కూడా తేలిగ్గా కలిసేలా చేయడం పెద్ద సాంకేతిక సమస్య కాదు. లేదంటే షాపువాడు ఆధార్ చూసి, రాసుకుని, చీటీ మీద కోడ్ ఇచ్చే పద్ధతి పెట్టండి. లాగిన్ పేజీ తెలుగులో ఉండాలన్నది విడిగా చెప్పక్కర్లేదనుకుంటాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి "కనెక్ట్" దాకా అర్థమవుతుంది. ఆ తర్వాత నిబంధనల డబ్బాలో టిక్కు పెట్టమంటే ఆగిపోతారు. పేజీ అసలు రాకపోతే మొబైల్ డేటా ఆపి మళ్లీ నొక్కాలన్న చిన్న చిట్కా కూడా ఎవరో ఒకరు చెప్పాల్సిందే. బోర్డు చెప్పదు కదా.

పబ్లిక్ వైఫై అంటే బ్యాంకు డబ్బులు పోతాయన్న భయం జనంలో బాగా ఉంది. అందులో కొంత నిజం. పాస్‌వర్డ్ లేని వైఫైలో గాల్లో పోయే సమాచారానికి రౌటరు వైపు నుంచి తాళం ఉండదు. ఎవడైనా అదే పేరుతో దొంగ హాట్‌స్పాట్ పెట్టి లాగొచ్చు. బ్యాంకు యాప్‌లు, తాళం గుర్తు ఉన్న వెబ్‌సైట్లు తమ తాళం తాము వేసుకుంటాయి కాబట్టి గుడ్డిగా భయపడక్కర్లేదు. అయినా తెలియని చోట డబ్బు పనులు పెట్టుకోవద్దనే నేను అందరికీ చెబుతాను. పాస్‌వర్డ్ లేకుండానే గాల్లో సమాచారానికి తాళం వేసే ఎన్‌హాన్స్‌డ్ ఓపెన్ పద్ధతి కొత్త రౌటర్లలో వస్తోంది. సర్కారు సొమ్ముతో కొనే ప్రతి పరికరంలో అది ఉండాలని టెండరులో ఒక ముక్క రాయించండి. అసలు పేరు ఏదో బడ్డీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే దొంగ పేరు దొరికిపోతుంది. అనుమానం వస్తే అడగడానికి ఎదురుగా మనిషి ఉంటాడు.

తుపాన్ల జిల్లా మాది. 2018 అక్టోబరులో తిత్లీ వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు వేలల్లో పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కూడా ఆ స్తంభాల మీద నుంచే వస్తాయి, వాటికి అదే గతి. బడ్డీ వైఫై పెడితే తుపానుకు పడదని నేను చెప్పను. రౌటరుకు చిన్న బ్యాటరీ ఇప్పించి, లైను వచ్చిన మరుక్షణం వారం రోజులు ఓటీపీ, డబ్బు లేకుండా అందరికీ తెరిచేయమని ముందే ఉత్తర్వు ఉంటే, గుజరాత్‌లో ఉన్న కొడుక్కి బతికే ఉన్నామని చెప్పుకుంటారు. ఆ వారం నష్టం ప్రభుత్వం భరించాలి.

ఇది ఏదో ఒక చోట మొదలుపెట్టి చూడాలి కదా, మా జిల్లాలో మొదలుపెట్టండి. కాంప్లెక్సులు, ఆస్పత్రి గేట్లు, గ్రంథాలయాల ఎదురు బడ్డీలు ముందు. ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని ఆగాయి అన్నది ప్రతి నెలా ఊరి పేరుతో సహా బయటపెట్టండి. ప్రారంభించినవి ఎన్ని అన్న లెక్క మాకొద్దు.

నా వంతుగా షాపు ముందు రౌటరు పెట్టుకోవడానికి చోటు ఉంది, చిన్న ఇన్వర్టరూ ఉంది. పీడీఓ పేరు మీద నెలకు ఎంత, దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో లైను వేస్తారు, ఈ మూడూ శ్రీకాకుళంలో అమ్మే ప్రతి కంపెనీ చేతా కాగితం మీద రాయించి ప్రకటింపజేయండి. ఆ కాగితం వచ్చిన రోజే డిపాజిట్ కడతాను.

ఇట్లు
శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర
జిరాక్సు షాపు నడుపుకొనే ఒక చిరువ్యాపారి