షోరూమ్ మైలేజీ ఏ రోడ్డు మీద కొలిచింది?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ వాహనాల పేజీలో ఒక కొత్త కాంపాక్ట్ ఎస్‌యూవీని పరిచయం చేస్తూ, లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తుందని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఎవరు కొలిచారో, ఎక్కడ కొలిచారో రాయలేదు. రెండేళ్ల కిందట అలాంటి వాక్యాన్నే నమ్మి బండి కొన్నవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది నాలుగు మీటర్ల లోపు పొడవున్న పెట్రోలు బండి. ఒక లీటరు టర్బో ఇంజిను, అంటే గాలిని బలంగా లోపలికి తోసి చిన్న ఇంజినుకు సత్తువ పెంచే రకం. కంపెనీ పేరు చెప్పను, ఏ షోరూమ్‌కు వెళ్లినా ఇదే కథ. నాకు చూపించిన కాగితంలో మైలేజీ 18.2 అని ఉంది. కొన్న రోజు నుంచీ ఒక నోటుపుస్తకం పెట్టి రాసుకుంటున్నాను. ఎప్పుడూ ఒకే బంకు, వీలైతే ఒకే పంపు. నాజిల్ మొదటిసారి దానంతట అది ఆగగానే చాలు అంటాను. చిల్లర సరిచేయడానికి ఇంకో నలభై రూపాయలది కొట్టబోయే కుర్రాడికి చెయ్యి అడ్డం పెడతాను. దూరం నుంచి నా బండి కనిపిస్తే చాలు, వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు.

నిరుడు మే నెల పేజీ చూడండి. విజయవాడలోనే బందరు రోడ్డు, బెంజి సర్కిల్, పిల్లల ట్యూషన్లు, కూరగాయలు. ఏసీ ఆపిన రోజు లేదు. 386 కిలోమీటర్లకు 34.5 లీటర్లు పట్టింది. అంటే 11.2. అదే సమయంలో డ్యాష్‌బోర్డు తెర మీద 12.4 కనిపించింది. యజమాని మనసు నొప్పించడం దానికీ ఇష్టం లేనట్టుంది!

సంక్రాంతి ప్రయాణం ఇంకా బాగా అర్థమయ్యేలా చెప్పింది. హైదరాబాద్ నుంచి విజయవాడకు వచ్చేటప్పుడు బండి మా అబ్బాయి నడిపాడు. ఈ దారిలో వేగ పరిమితి వంద అని నేను గుర్తు చేస్తూనే ఉన్నాను, ముల్లు 110 దగ్గరే నిలిచింది. 272 కిలోమీటర్లకు 19.6 లీటర్లు, అంటే 13.9. పండగ అయ్యాక అదే దారిలో, అదే నలుగురితో, అరిసెల డబ్బాలు అదనంగా వేసుకుని నేను 85 దాటకుండా తిరిగి వెళ్లాను. 16.1 లీటర్లతో సరిపోయింది, అంటే 16.9. రెండు ఊళ్ల బంకుల తేడా కొంత ఉంటుందనుకున్నా, మిగతాది గాలిదే. 85 నుంచి 110కి పెంచితే గాలి అడ్డు దాదాపు మూడింట రెండు వంతులు పెరుగుతుంది. పైగా ఈ బండ్లు ఎత్తుగా, వెడల్పుగా ఉంటాయి. బీరువాను నిలువుగా పెట్టి గాలికి ఎదురు తోసుకెళ్లడమే.

మరి ఆ 18.2 ఎక్కడిది? ప్రకటన అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 115వ నిబంధన అని ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. పుణేలోని ఏఆర్‌ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థలు బండిని లోపల రోలర్ల మీద ఎక్కించి, నిర్ణీత పద్ధతిలో ఇరవై నిమిషాల లోపే నడిపి కొలిచిన సంఖ్య అది. ఆ పరీక్షలో వేగం 90 దాటదు. వేగం పెంచడం కూడా మెల్లమెల్లగానే. ఏసీ వేయరు. విజయవాడలో మే నెలలో ఏసీ వేయకుండా కారు నడిపేవారు ఎవరైనా ఉంటే వారికి ఆ మైలేజీ వస్తుందేమో.

దీన్ని మోసం అని నేను అనడం లేదు. రెండు బండ్లను పోల్చాలంటే ఒకే కొలబద్ద ఉండాలి, నిజమే. కానీ ఈ కొలబద్ద అందరికీ ఒకేలా పని చేయదు. చిన్న టర్బో ఇంజినుకు నెమ్మదిగా నడిచే పరీక్షలో పెద్ద శ్రమ లేదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, నలుగురితో లారీని దాటేటప్పుడు టర్బో పని మొదలుపెడుతుంది, పెట్రోలూ అప్పుడే తాగుతుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఆ మేరకు ఎంతో కొంత తగ్గక తప్పదు.

నా ఊరి లెక్కతోనే ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే, కాగితం మీద 549 లీటర్లు చాలాలి. నాకు 893 పడుతోంది. లీటరు వంద దాటి ఏళ్లయింది కాబట్టి తేడా 34 వేల రూపాయలకు పైమాటే. నెలవాయిదా లెక్క వేసుకుని బండి కొనే మధ్యతరగతి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

అమెరికాలో 2008 మోడళ్ల నుంచి ఏసీ, చలి, ఎక్కువ వేగం కూడా లెక్కలోకి తీసుకుని, ఊళ్లో ఎంత, హైవేలో ఎంత అని కొత్త కారు అద్దం మీదే విడివిడిగా అంటిస్తున్నారు. యూరప్‌లో కొత్త కార్లు తాగిన ఇంధనాన్ని బండిలోని పరికరంతోనే నమోదు చేయిస్తున్నారు. ఆ లెక్కలు తీస్తే పెట్రోలు, డీజిలు కార్లు ధ్రువీకరించిన దానికంటే సుమారు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయని 2024లో యూరోపియన్ కమిషనే ఒప్పుకుంది.

ఏసీ వేసి కూడా కొలవాలన్న ప్రతిపాదన మన కేంద్ర రవాణా శాఖ నుంచీ వచ్చింది. సంతోషం. కానీ కొలిచిన సంఖ్య ఫైల్లో ఉంటే కొనేవాడికి ఏం తెలుస్తుంది? ఏసీతో ఊళ్లో ఎంత, హైవేలో ఎంత అన్న రెండు అంకెలనూ షోరూమ్‌లోని ప్రతి బండి ముందు అద్దం మీద, ప్రకటనల్లో ధర అచ్చు వేసినంత పెద్ద అక్షరాల్లో చూపించాలని నిబంధన తేవాలి. ఆ నిబంధన వచ్చేదాకా మీ వాహనాల పేజీ ఒక పని చేయవచ్చు. కంపెనీ చెప్పిన మైలేజీ రాసిన చోట "ఏసీ లేకుండా, ప్రయోగశాలలో" అన్న మూడు మాటలు చేర్చండి. పక్కనే మీ విలేకరి ట్యాంకు నింపి, నడిపి, మళ్లీ నింపి తేల్చిన అంకె వేయండి.

నా నోటుపుస్తకం అక్కరకు వస్తుందనుకుంటే జిరాక్స్ తీసి పంపుతాను. మే నెల పేజీ మీద కాఫీ ఒలికింది గానీ అంకెలు కనిపిస్తున్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ