పది నిమిషాల్లో పండే గోరింటాకు కోన్ మా దగ్గర ఎందుకు ఉండదంటే

అందరికీ నమస్తే. ఆషాఢం దగ్గరికొచ్చేసరికి రోజూ ఇదే మెసేజ్: "అక్కా, పది నిమిషాల్లో నల్లగా పండే కోన్ లేదా, బజార్లో పది రూపాయలకే ఇస్తున్నారు, మీది నలభై ఏంటి?" ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేయలేక అందరికీ కలిపి రాస్తున్నా. లేదు, తెప్పించే ఆలోచన కూడా లేదు. పైగా ఈ నెల నుంచి మా కోన్ యాభై అవుతోంది, తిట్టుకున్నా సరే ముందే చెప్పేస్తున్నా.

గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్ అనే పదార్థం. అది చర్మం పైపొరకు పట్టాలంటే గంటలు పడుతుంది, తీసేసిన వెంటనే నారింజ రంగులో ఉండి ఒకట్రెండు రోజులకు గానీ ముదురు ఎరుపుకు రాదు. అరచేతిలో చర్మం మందం కాబట్టి బాగా పండుతుంది, ముంజేతి మీద లేతగానే ఉంటుంది. మీ అమ్మమ్మ రోట్లో రుబ్బి పెట్టినా, రాజస్థాన్‌లోని సోజత్ నుంచి మేం తెప్పించే పొడి నానబెట్టి పెట్టినా ఇంతే. అలాంటిది ముంజేతి మీద కూడా పది నిమిషాల్లో నల్లగా దిగిందంటే అది ఆకు పని కాదు, అందులో డై కలిపారు.

నల్లటి వాటిలో ఎక్కువగా కలిపేది పీపీడీ, అంటే పారాఫినిలిన్‌డయమిన్. జుట్టుకు వేసే నల్ల రంగులో ఉండేదే. జుట్టు డైలోనైతే దానికో లెక్క ఉంది: యూరప్‌లో తలకు రాసేటప్పటికి 2 శాతం దాటకూడదు. ఒంటికి పూసే మెహందీలో దాన్ని అమెరికాలో అసలు ఒప్పుకోరు. మన దేశంలో కూడా అలాంటి డై పెట్టె మీద, ముందు కొంచెం రాసి చూసుకోండి, కనుబొమలకు, కనురెప్పలకు వాడొద్దు, చూపు పోవచ్చు అని హెచ్చరిక వేయాలి. మరి బజారు కోన్ మీద ఏముంటుంది? ఒక పువ్వు బొమ్మ, 'నేచురల్' అన్న మాట, అంతే. నల్లగా దిగేవే కాదు, వెంటనే ఎర్రగా దిగేవీ నమ్మలేం. 2024లో తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు హైదరాబాద్‌లో పట్టుకున్న కోన్లలో పిక్రామిక్ ఆసిడ్ అనే కృత్రిమ రంగు దొరికింది.

మొన్న పెళ్లిళ్ల సీజన్లో ఒకమ్మాయి చెయ్యి చూపించింది, వేరే చోట పెట్టించుకుందట. మణికట్టు నుంచి తీగ డిజైన్ ఎలా వెళ్లిందో సరిగ్గా అలాగే చర్మం ఎర్రగా పొంగి, మధ్యమధ్యలో నీటి పొక్కులు. ఆకుకు ఆకు, మొగ్గకు మొగ్గ అచ్చు దిగినట్టుంది. దాని మీద ఇంకో కోన్‌తో కవర్ చేయమని అడిగింది, నేను డాక్టర్ దగ్గరికి పంపాను. ఇలాంటివి తగ్గాక కూడా కొందరికి ఆ డిజైన్ మేర మచ్చ ఉండిపోతుంది. అంతకంటే టెన్షన్ పెట్టే సంగతి ఏంటంటే, ఒంటికి ఒకసారి పీపీడీ పడకపోతే ఆ అలర్జీ జీవితాంతం ఉండొచ్చు, ఎప్పుడో నలభై ఏళ్లకు జుట్టుకు డై వేసుకుంటే ముఖమంతా వాచిపోవచ్చు. పిల్లలకు సరదాగా పెట్టించే 'బ్లాక్ టాటూ'లోనూ అదే ఉండొచ్చు, జాగ్రత్త.

తలకు 'బ్లాక్ హెన్నా' కావాలనే అన్నలకూ ఇదే మాట. గోరింటాకు ఒక్కటే పెడితే తెల్ల జుట్టు ఎర్రబడుతుంది, నల్లబడదు. నలుపు కావాలంటే హెన్నా పెట్టి కడిగాక నీలి ఆకు పొడి పెట్టాలి, ఓపిక కావాలి. ఒకే ప్యాకెట్‌తో నలుపు వస్తుందంటే వెనకాల చిన్నక్షరాల్లో ఏం రాశారో చదవండి.

మాది నేచురల్ కాబట్టి కళ్లు మూసుకుని వాడేయండి అని మాత్రం అనను. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పసిపిల్లలకు, అసలు సిసలు గోరింటాకే ప్రమాదం, ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి. అందుకే ఏడాది లోపు పిల్లలకు బారసాలకైనా సరే మేం పెట్టం, పెద్దావిడలు కోప్పడినా పెట్టం. కోన్లో నీలగిరి తైలం కూడా వేస్తాం కాబట్టి గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే ఆర్డర్ పెట్టేటప్పుడే చెప్పండి, తైలం లేకుండా విడిగా కలిపిస్తాను.

రేటు సంగతి. మా కోన్లో ఆకు పొడి, నిమ్మరసం, పంచదార, తైలం, ఇవే. నిల్వ మందు లేదు కాబట్టి ఫ్రీజర్లో పెట్టాలి, బయట ఉంచితే రంగు దిగడం తగ్గిపోతుంది. బెజవాడ ఎండకి ఆర్టీసీ పార్శిల్లో పంపాలంటే థర్మాకోల్ డబ్బా, ఐస్ ప్యాక్ తప్పవు, పెంచిన ఆ పది రూపాయలు అక్కడికే పోతున్నాయి. మే నెల కరెంటు బిల్లు గురించి ఇక్కడ మాట్లాడను.

పెళ్లికూతుళ్లు పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టించుకోండి, ముహూర్తం టైముకి బాగా ముదురుతుంది. ముందు రోజు రాత్రి పదింటికి ఫోన్ చేసి నల్లగా కావాలంటే నా వల్ల కాదు. అలర్జీ అనుమానం ఉన్నవాళ్లు చెప్తే చిన్న కోన్ ఒకటి ముందే ఫ్రీగా పంపుతాను, మోచేతి లోపలి వైపు చుక్క పెట్టి రెండు రోజులు చూసుకున్నాకే అసలు ఆర్డర్ ఖాయం చేయండి.