కార్ల కుయ్యిమనుడు ఎట్ల బందైందంటే

అరేయ్ మామా,

ఎట్లున్నవ్ రా. పోయిన వారం మంచిర్యాలకెల్లి ఫోన్ చేసి పాత కార్ల ఐపాడ్ ఎట్ల కలిపినవ్ రా అని అడిగినవ్ చూడు, ఫోన్ల చెప్తే సగం సమజ్ కాదు, మిగిలిన సగం నువ్వు మర్చిపోతవ్, అందుకే కూసోని రాస్తున్న. జెర పొడుగైతది, చాయ్ పెట్టుకో.

మా బాపు సంగతి నీకెర్కే గద. తాత రికార్డ్ చేయించిన ఒగ్గు కథ క్యాసెట్లు ట్రంకుపెట్టెల ఉండె, అన్నీ సి-90లే, సైడుకు 45 నిమిషాలు. అవన్నీ కంప్యూటర్‌ల కెక్కించి ఎంపీత్రీ చేసి నా ఐపాడ్ క్లాసిక్‌ల ఏసిన. ఆపిల్ వోళ్లు 2014లనే క్లాసిక్ ఆపేసిన్రు, 2022ల ఐపాడే మొత్తం బంద్ వెట్టిన్రు గని నాది ఇంక నడుస్తనే ఉంది, చెవికాడ పెడ్తె లోపట హార్డ్‌డిస్క్ తిరిగే సప్పుడు గూడ ఇనస్తది. బాపుకేమో ఇంట్ల ఇనుడు నచ్చదు, కార్ల కొమురెల్లి పోతాంటెనే మల్లన్న కథ రావాలెనట. మన కార్ల స్టీరియోకు రేడియో, సీడీ తప్ప ముంగట ఇంకో బొక్క లేదు.

ముందుగాల హన్మకొండ చౌరస్తా దిక్కు పోయి సిగరెట్ లైటర్ల గుచ్చే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ తెచ్చిన. ఐపాడ్ పాటను అది చిన్న రేడియో స్టేషన్ లెక్క కార్లనే ఇడుస్తది, స్టీరియోల అదే నంబర్ పెడ్తె ఇనస్తది. మన ఆకాశవాణి 103.5ను తప్పించి 101.7ల పెట్టిన, వరంగల్ల మంచిగనే మోగింది. ఒకపారి బాపును హైదరాబాద్ దవాఖానకు తీస్కపోతున్న, భువనగిరి దాటినంక మల్లన్న గొల్ల కేతమ్మ కాడికి పోయే ఘట్టం నడుస్తాంది, గప్పుడే హైదరాబాద్ ఎఫ్‌ఎం స్టేషన్ రెయిన్‌బో 101.9 మీదికెల్లి వచ్చి వడ్డది. బాపు ఉలిక్కిపడి "ఈమె ఎవర్రా నడుమ" అన్నడు. నవ్వాపుకోలేక బండి పక్కకు ఆపిన. దాని పవర్ ఎంతరా పాపం, నాలుగు గజాల దాకనే, పెద్ద స్టేషన్ పక్కకొస్తే ఏం నిలుస్తది.

ఇంటికొచ్చినంక స్టీరియో బయటికి గుంజి చూస్తే ఎనుక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ బొక్కలు రెండు జతలున్నయ్! గీడ జాగ్రత్త మామా. ఒక జత మీద ఆక్స్ ఇన్ అని ఉంటది, బయటి పాట స్టీరియో లోపటికి పోయేది దాంట్లకెల్లే, అదే మనకు కావాలె, ఇంకో జత ప్రీ అవుట్, అది ఆంప్లిఫయర్‌కు పోయేది, నేను ముందు దాంట్లనే పెట్టి గంటసేపు తలకాయ కొట్టుకున్న. వైర్లు ముట్టకముందే బ్యాటరీ మైనస్ తీసెయ్. పసుపు వైర్ల ఎప్పుడూ కరెంటుంటది, స్టేషన్లు యాదికుండేది దాంతోనే, ఎర్రది తాళం తిప్పినంకనే వస్తది, నల్లది బాడీకి. ఒక మూలకు 3.5 ఎంఎం పిన్ను, ఇంకో మూలకు ఆ ఎరుపు తెలుపు ఉండే వైరు అడుగు, ఏ ఎలక్ట్రానిక్స్ షాపోడైనా ఇస్తడు. కలిపినంక గూడ సప్పుడు రాకపోతే భయపడకు, కొన్నిట్ల సెట్టింగ్స్‌ల ఆక్స్ ఆన్ చేస్తెనే సోర్స్ బటన్ల కనవడ్తది.

ఇగ అసలు లొల్లి. పాట మస్తుగొస్తాంది గని ఎనుకకెల్లి కుయ్యి...మని ఒకటే ఒర్రుడు, యాక్సిలరేటర్ తొక్కితే అది గూడ పైకి లేస్తది. ఒక మెకానిక్‌కు చూపెడ్తె స్పీకర్లు పోయినయ్, నాలుగూ మార్చాలె అన్నడు. సరే జీతం పడంగనే మారుద్దాం అనుకున్న. జనగామ రోడ్ల పోతాంటే ఐపాడ్ ఛార్జర్ వైరు కాళ్లకు తట్టి ఊడింది, సప్పుడు టక్కున బంద్! మల్ల పెట్టిన, మల్ల కుయ్యి. సంగతేందంటే ఛార్జర్ గూడ కారు ఎర్త్‌కే, స్టీరియో గూడ దానికే, ఐపాడ్ రెండిట్ల నడుమ ఇరికి సుట్టు తిరిగినట్టు ఒక లూప్ అయితది, ఇంజన్‌తోని తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ రొద ఆ లూప్ పట్టుకోని పాటల్ల కలుస్తది. ఇంజన్ జోరుగ తిరిగితే అది గూడ పెరుగుడు అందుకే. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతది, లోపట బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, ఆక్స్ వైరు నడుమ పెడ్తె రొద పోతది. గదీ లేకుంటే ఇంట్ల ఛార్జ్ చేస్కోని పో, ఖర్చు లేదు. స్పీకర్లు ఇప్పటికీ పాతయే.

ఇంకోటి, ఐపాడ్ సౌండ్ ముప్పావు కాడ పెట్టి స్టీరియోతోనే పెంచుడు తగ్గించుడు చెయ్. ఐపాడ్ తక్కువ పెట్టి స్టీరియో పెంచితే ఉష్షుమంటది, ఫుల్ పెడ్తె పలుగుతది.

బాపు ఇప్పుడు ముంగటి సీట్ల కూసోని తొడ మీద తాళం ఏస్తడు. ఒక్కటే ఫిర్యాదు, క్యాసెట్ సైడు మారే కాడ మాట సగంల తెగుతదట. అది తాత రికార్డింగే అట్లుంది, నేనేం జెయ్య. నా కాడ ఎరుపు తెలుపు వైరు ఒకటి ఎక్కువుంది, ఆదివారం కాజీపేట దాకా వస్తే ఇస్త. స్క్రూడ్రైవర్ మాత్రం నువ్వే తెచ్చుకో, పోయినసారి పట్కపోయిన నాది ఇంక మీ ఇంట్లనే ఉంది.

నీ దోస్తు