పొగకు ఏటా పరీక్ష, బ్రేకుకు పదిహేనేళ్లకా?

సంపాదకులకు,

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత వాడకానికి కొన్న ద్విచక్ర వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. పునరుద్ధరణకు వెళ్లే దాకా ఆ బండి రోడ్డెక్కదగిన స్థితిలో ఉందో లేదో క్రమం తప్పకుండా చూసే ఏర్పాటు లేదు. ఆటోలకూ లారీలకూ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. మన బైకుకు ఉన్నది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే. బీఎస్-4, బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణాలతో తయారైన బండ్లకు ఏడాదికోసారి, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలకోసారి సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ కొలుస్తారు గాని, ఆ పక్కనే ఉన్న బ్రేకును ఎవరూ ముట్టుకోరు.

బ్రేకు అనగానే చక్రాన్ని రాపిడితో ఆపే షూలు, ప్యాడ్లే గుర్తొస్తాయి. చేతికీ కాలికీ అందే భాగాలు సరిగా లేకపోతే ఆ షూలు, ప్యాడ్లు ఎంత కొత్తవైనా ప్రయోజనం లేదు. పార్కింగులో బండి పడి, చేతితో నొక్కే బ్రేకు లివర్ చివర విరిగితే, మిగిలిన ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని నడిపేవారు వీధికొకరు కనిపిస్తారు. బిగించిన బోల్టు దగ్గర అరిగిన లివర్ పైకీ కిందికీ ఊగుతుంది. కేబుల్ పోగులు లివర్‌లోకి వెళ్లే చోటే, కంటికి కనపడకుండా, ఒక్కొక్కటిగా తెగుతాయి. డిస్క్ బ్రేకు లివర్‌ను గట్టిగా నొక్కి పట్టుకున్నప్పుడు అది మెల్లగా హ్యాండిల్ వైపు దిగిపోతుంటే ఆయిల్ కారుతోందనో, ఆయిల్‌ను బ్రేకుకు నెట్టే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయాయనో అనుమానించాలి. కాలి బ్రేకు పెడల్ మీది గరుకు అరిగిపోతే వానలో తడిసిన చెప్పు దాని మీద నిలవదు.

డ్రమ్ బ్రేకు విషయంలో మన అలవాటు మరీ విచిత్రం. బ్రేకు వదులైందనగానే వెనక నట్టు బిగించి పంపేస్తారు. షూలు అరిగినకొద్దీ నట్టు ముందుకు జరుగుతూనే ఉంటుంది. షూలు మార్చే సమయం వచ్చిందని చూపే బాణం గుర్తు చాలా బండ్లకు డ్రమ్ము పక్కనే ఉంటుంది. దాన్ని చూడమని అడిగే కస్టమరూ అరుదు, చూపించే మెకానిక్కూ అరుదు.

2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బండ్లలో 125 సీసీ దాటినవాటికి, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌నూ, మిగతావాటికి కనీసం రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడేలా చేసే సీబీఎస్‌నూ తప్పనిసరి చేశారు. ఇది మంచి నిర్ణయమే. అయితే సీబీఎస్ ఉన్న స్కూటర్‌లో ఎడమ లివర్ ఒక్కటే రెండు చక్రాలనూ పట్టి ఆపాలి కాబట్టి, ఆ లివర్, దాని కేబుళ్ల సర్దుబాటు తప్పితే నష్టం కూడా రెండు చక్రాలకూ ఉంటుంది. గ్రేట్ బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన మోటార్‌సైకిల్‌కు ఏటా జరిగే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్షలో ఈ లివర్లనూ పెడల్‌నూ కూడా తనిఖీ చేస్తారు.

బండి ముఖం చూడకుండానే చేతికిచ్చే మరో కాగితం నేను కోరడం లేదు. పొగ పరీక్ష కేంద్రంలోనే లివర్లు, పెడల్, కేబుళ్లు, బ్రేకు లైటు చూసి, లోపం ఉంటే వాహనదారుకు రాసిచ్చేలా కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించాలి. అది జరిగేలోగా రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు జనవరిలో జరిపే రోడ్డు భద్రతా మాసంలో హెల్మెట్ ర్యాలీలతో పాటు, పెట్రోలు బంకుల దగ్గర మెకానిక్‌లను కూర్చోబెట్టి ఉచితంగా ఈ తనిఖీ చేయించాలి.

– ఒక ద్విచక్ర వాహనదారుడు, ఏలూరు